మూడిళ్ల పొయ్యి

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఎక్కువ. ఈ నోరేసుకుని నువ్వెక్కడా ఇమడవే అని మా అమ్మ దెప్పేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు టెక్కలి సర్వే ఆఫీసులో ఉద్యోగం దొరికితే అందరికన్నా ముందు ఆశ్చర్యపోయింది ఆవిడే. నా చదువు చూసి ఇచ్చిన ఉద్యోగం కాదది. మగవాళ్లు ఊళ్లలోకి వెళ్లి మీ ఇంట్లో ఏం వండుకుంటున్నారు, ఎంత వండుకుంటున్నారు అని అడిగితే ఆడవాళ్లు తలుపు చాటుకి తప్పుకునేవారట. అరుగు మీద కూచున్న మగాడు జవాబు చెప్పేవాడు. కుండలో ఎన్ని గింజలు పడ్డాయో అరుగు మీదవాడికేం తెలుస్తుంది, నా మొహం. వాడు నోటికొచ్చింది చెప్పేవాడు, వీళ్లు రాసుకొచ్చేవారు. అలా కొన్నాళ్లు సాగాక, వంటింటి దాకా వెళ్లగలిగే ఆడమనిషి ఒకరు కావాలని పైవాళ్లకి తోచింది. మా నాన్నగారు బాప్టిస్టు మిషన్ బడిలో పంతులు. నేనూ అక్కడే చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్ని. వచ్చిన పెళ్లి సంబంధాలు నా మాట తీరు చూసి వచ్చిన దారినే పోతున్న రోజులు. సరే వెళ్లమన్నారు.

పని చెప్పడానికి తేలిక. చీట్లు తీసి ఊళ్లని ఎంచుతారు, ఊళ్లో ఇళ్లని ఎంచుతారు. ఏడాదికోసారి ఆ ఇళ్లకే వెళ్లి ఇంట్లో ఎంతమంది, ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అని అడిగి అచ్చు ఫారాల్లో రాసుకురావాలి. నాకు పడ్డ ఊళ్లలో ఒకటి పలాస అవతల, ఉద్దానంలో, సముద్రానికి ఆనుకుని ఉండేది. టెక్కలిలో బస్సెక్కి పలాసలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, అది ఎక్కడ దింపితే అక్కణ్ణుంచి జీడితోటల్లో ఇసకలో నడవాలి. చెప్పులు తొడుక్కుంటే అడుగు పడదు, చేత్తో పట్టుకుంటే కాళ్లు కాలతాయి. దారి పొడుగునా సర్వేని, సర్వే కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటూ వెళ్లేదాన్ని.

ఉద్దానం అనగానే మా టెక్కలివాళ్లు, అక్కడేం తక్కువమ్మా, కొబ్బరి, పనస, జీడి, బంగారం లాంటి నేల అనేవారు. చెట్లకి తక్కువ లేదు, నిజమే. ఆ చెట్లు ఎవరివో మాత్రం అడిగేవారు కాదు. నేను వెళ్లే వీధిలో వాళ్లకి చెట్లు లేవు. మగవాళ్లు సముద్రం మీద చేపల వేటకెళ్లేవారు, ఆడవాళ్లు కొబ్బరిపీచు కొట్టి తాళ్లు పేనేవారు. ఒక తుపానుకి పడవలు పోయాక సర్కారు ఆ ఊళ్లో గంజి కేంద్రం పెట్టింది. తాటాకు పాక, కింద పెద్ద గంగాళం. పొద్దున్నే పిల్లలకి, చూలాళ్లకి, బాలింతలకి తలో గిన్నెడు గంజి పోసేవారు. ఆ కేంద్రం ఉంచాలా ఎత్తెయ్యాలా అన్నది మా సర్వే చూసి ఏటేటా తాలూకా ఆఫీసువాళ్లు తేల్చేవారు. ఊరు తినే తిండి పోయినేటి కన్నా పెరిగితే ఎత్తేస్తారు, పెరక్కపోతే ఉంచుతారు, లేనిచోట తగ్గితే పెడతారు. అందులో ఇంకే మెలికా లేదు.

ఆ వీధిలో ముగ్గురు అన్నదమ్ముల మూడు పూరిళ్లు ఒకే వాకిట్లో ఉండేవి. పెద్దకోడలు నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది, మాట కటువు, చెయ్యి మంచిది. నడిపికోడలు ఎప్పుడు చూసినా పీచు కొట్టడానికి వెళ్లి ఉండేది, ఆవిడతో నేను పట్టుమని నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. చిన్నకోడలు నేను మొదటిసారి వెళ్లిన ఏడాదికి కొత్త పెళ్లికూతురు. సిగ్గు లేదు, బెరుకు లేదు. నన్ను ఆటపట్టించడం దానికి సరదా.

"ఎవులింటికైనా వొచ్చినోల్లు కూడెట్టమంతారు. నువ్వేటి పంతులమ్మా, కూడు లెక్క సెప్పమంతావు. ఇదేటి ఉద్యోగం" అంది ఆ మొదటి రోజునే.

"నువ్వు పెడితే తింటాను, లెక్క చెబితే రాసుకుంటాను. ముందు ఏది?" అన్నాను.

"లెక్కే రాసుకో. కూడయితే నేదు" అని నవ్వింది. దాని నవ్వుకి పెద్దకోడలు కూడా మూతి బిగించుకోలేకపోయింది.

మామూలు రోజుల్లో మూడిళ్లకీ మూడు పొయ్యిలు. సముద్రం పోటెత్తి వేట పడని నెలల్లో మాత్రం ఆ వీధిలో సగం ఇళ్లు, ఏ వాకిట్లోవాళ్లు ఆ వాకిట్లో, పొయ్యిలు కలిపేసుకునేవి. ఎవరింట్లో గుప్పెడుంటే వాళ్లు గుప్పెడు తెచ్చి పెద్దింటి కుండలో పోస్తారు. ఒక మనిషి వండుతుంది, మిగిలినవాళ్లు పనికి పోతారు. లేనివాళ్లు ఏమీ పొయ్యకపోయినా ఎవరూ అడగరు. ఫలానావాళ్ల ఇంట్లో తిన్నాం అన్న మాట ఆ నెలల్లో ఎవరి నోటా రాకూడదు. అది పెద్దింటిని అవమానించడం కింద లెక్క. ఆ పొయ్యి అందరిదీ. మేం సర్వేకి వెళ్లేది సరిగ్గా ఆ నెలల్లోనే.

మొదటి ఏడాది ఫారం ఈ పద్ధతికి చక్కగా అమరింది. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లందరూ ఒక కుటుంబం అని దాని మీద అచ్చేసి ఉంది. మూడిళ్లకీ కలిపి ఒకే ఫారం రాశాను. పెద్దకోడలు కుండ తెచ్చి చూపించింది. చోళ్ల అంబలి, అంటే రాగి జావ, అడుగు కనపడేంత పల్చన.

"ఇంతమందికీ ఇదేనా?" అన్నాను.

"మరేటి సేత్తాం. నీల్లు కాసిన్ని ఎక్కువెట్టుకుంటే అందరికీ వత్తాది" అంది.

అదే రాశాను. వీధిలో మిగతా ఇళ్ల లెక్కలూ ఇంచుమించు అలాగే వచ్చాయి. ఊరు చాలీచాలకుండా తింటోందని తేలింది. గంజి కేంద్రం ఉండిపోయింది.

రెండో ఏడాదికి కొత్త ఫారాలు వచ్చాయి, కాగితం కూడా నున్నగా ఉంది. మా సూపర్వైజరుగారు కట్ట విప్పి ఒకటి నా చేతికిచ్చారు. ఆయన రోజూ హరిశ్చంద్రపురంలో రైలెక్కి, నౌపడాలో చిన్నరైలు మారి టెక్కలి వచ్చేవారు. సాయంత్రం రైలు తప్పిపోతుందేమోనన్న ఆదుర్దా పొద్దున్న కుర్చీలో కూచున్నప్పటి నుంచే మొహంలో ఉండేది. చెడ్డమనిషి కాదు. ఆయన్ని తిట్టాలని నేను చాలాసార్లు నోరు తెరిచి, తిట్టలేక మూసేశాను.

కొత్త ఫారంలో కుటుంబం అంటే ఒకే కప్పు కింద ఉండేవాళ్లు. పొయ్యి ఊసు లేదు.

"ఇదేమిటండీ, పోయినేడు పొయ్యిని బట్టి రాయమన్నారు, ఈ ఏడు కప్పుని బట్టి రాయమంటున్నారు" అన్నాను.

"పొయ్యి ఒక్కో జిల్లాలో ఒక్కోలా ఉందటమ్మా. కప్పయితే ఎవరైనా కంటితో చూసి లెక్కపెట్టచ్చు. పైవాళ్ల ఆలోచన బాగానే ఉంది."

"బాగానే ఉంటుంది. అక్కడ పొయ్యిని అడిగి, ఇక్కడ కప్పుని అడిగి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి పెరిగిందీ తగ్గిందీ అని ఎలా తేలుస్తారు?"

"కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేస్తారులే" అన్నారు. ఆ గమనిక మీద ఆయనకి నిజంగానే నమ్మకం ఉంది.

ఉద్దానం వెళ్లాను. ఆ మూడిళ్ల వాకిట్లో ఈసారి చిన్నకోడలి చంకలో ఆడపిల్ల ఉంది, ఇంకా మెడ నిలబడలేదు. మొగుడు ఖరగ్‌పూర్ రైల్వేలో కూలికి వెళ్లాడట. వెళ్లినవాడి దగ్గర్నుంచి కబురు లేదు. అది చెప్పేటప్పుడు కూడా ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, కానీ ఒళ్లు సగమైపోయింది. పొద్దున్నే గంజి కేంద్రానికి వెళ్లి బాలింత గిన్నెడు తాగి వస్తుంది. తరవాత రోజంతా పెద్దకోడలి కుండలోదే.

ఈసారి మూడిళ్లకీ మూడు ఫారాలు తీశాను. పెద్దకోడలు తన కుండలో పడేదంతా చెప్పింది. అంతా ఆవిడ ఇంటి పేరనే రాసుకున్నాను. ఫారం అలా రాయమంది మరి. చిన్నకోడలి దగ్గరికి వచ్చాను.

"మీ ఇంట్లో వండుకుంటున్నారా?"

"వండుకోకేటి."

"ఎంత పోస్తున్నారు కుండలో?"

"అదంతా అప్పకే ఎరుక. అప్పని అడుగు." పెద్దకోడల్ని అక్క వరసన అప్ప అనేది.

"అది కాదు. ఈ ఇంట్లో, నీ పొయ్యి మీద నువ్వు వండుతున్నావా అని అడుగుతున్నాను."

నవ్వుతున్నది కాస్తా మొహం మాడ్చుకుంది. "అప్ప పొయ్యి నాది కాదేటి? అలగ ఏరుసేసి అడుగుతావేటి పంతులమ్మా" అంది.

జవాబు ఎలా చెబితే అలాగే రాయాలని రూలు. వండుకుంటున్నారు అన్నచోట అవును అని రాశాను. ఎంత అన్న గడి ఖాళీగా వదిలాను. పక్కన అంచులో, కుండ పెద్దకోడలి ఇంట్లోదే, పై ఫారం చూడండి అని రాశాను. వీధిలో పొయ్యిలు కలుపుకున్న ఇళ్లన్నిట్లోనూ ఇదే తంతు. వండుకుంటున్నాం అంటారు, ఎంత అంటే అప్పనడుగు, అత్తనడుగు, వదిననడుగు. ఖాళీలున్న ఫారాలు పోయినేటి లాగే నా దగ్గరికి తిరిగొస్తాయి, అప్పుడు నోటితో చెప్పి సరిచేయిస్తాననుకున్నాను.

తిరిగి రాలేదు. కొన్నాళ్లకి ఏదో పనుండి లోపలి గదిలోకి వెళ్లాను. ఫారాలు దిద్దే గుమాస్తా ఎర్రసిరా కలం పట్టుకుని నా ఫారాల మీదే కూచుని ఉన్నాడు. చిన్నకోడలి ఫారంలో ఖాళీ గడి ఉంది. పై ఫారంలో పెద్దకోడలి కుండ లెక్క చూశాడు, తెచ్చి ఈ గడిలో దింపాడు. కాగితం తిప్పాడు. నడిపికోడలి గడిలోనూ దింపాడు.

"ఏం చేస్తున్నారండీ మీరు?" అన్నాను.

"ఖాళీలు పూడుస్తున్నాను."

"ఎవరు పూడ్చమన్నారు?"

"ఈ ఏటినుంచి ఖాళీ ఫారాలు వెనక్కి పంపడం లేదు. ఆలస్యమైపోతోందట. వండుకుంటున్నాం అని చెప్పి ఎంతో చెప్పకపోతే పక్కింటి అంకె వెయ్యాలి" అని రూలు కాగితం నా ముందుకి తోశాడు. నిజంగానే ఉంది.

"పక్కిల్లూ ఈ ఇల్లూ ఒకటే కుండ నాయనా. ఒక కుండని మీరు మూడు చేస్తున్నారు. అంచులో రాశాను కదా, కనపడలేదా?"

"అంచులో రాసినవి చూడద్దన్నారమ్మా" అన్నాడు. ఎగతాళి కాదు, కోపం కాదు. కలం ముంచుకుని తరవాతి కాగితం తీశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గదిలో ఏమేం అన్నానో ఇప్పుడు రాయడం బాగుండదు. పక్క గదిలోంచి సూపర్వైజరుగారు లేచి వచ్చారు. నన్ను కూచోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, మొత్తం చెప్పమన్నారు. చెప్పాను. ఆయన కాగితం మీద చిన్న చిన్న పొయ్యిలు బొమ్మలు గీసుకుంటూ విన్నారు. వీధిలో సగం ఇళ్లు పొయ్యిలు కలుపుకున్నాయని చెప్పాక ఆయన కలం ఆగిపోయింది.

"అయితే ఊరు పోయినేటి కన్నా బాగా ఎక్కువ తింటున్నట్టు వస్తుంది" అన్నారు.

"పోయినేటి కన్నా తక్కువ తింటున్నారండీ. నా కళ్లతో చూసి వచ్చాను."

"నీ కళ్లకి గడి లేదు కదమ్మా."

ఆ మాటకి కోపం రావలసింది, రాలేదు. ఎందుకంటే ఆయన చాలాసేపు ఆలోచించి ఒక దారి చెప్పారు. పోయినేటి లెక్కని కొత్త పద్ధతిలోకి మారుద్దామంటే కుదరదు, పాత ఫారంలో ఎవరు ఏ కప్పు కింద ఉంటున్నారో అడగనే లేదు. ఈ ఏటి లెక్కని పాత పద్ధతిలోకి మార్చాలి. అవే ఇళ్లకి మళ్లీ వెళ్లి పాత ప్రశ్నే పాత తీరునే అడగాలి. ఒకే ఏడాది, ఒకే ఇల్లు, రెండు రకాల ప్రశ్నలు. అప్పుడు రెండేళ్ల తేడాలో ప్రశ్న మారడం వల్ల వచ్చిందెంతో, మనుషుల కడుపుల వల్ల వచ్చిందెంతో విడదీయవచ్చు. బీరువా అడుగున పాత ఫారాలు కొన్ని మిగిలి ఉన్నాయి. దుమ్ము దులిపి నాకిచ్చారు.

మర్నాడే బయల్దేరాను. ఆ వీధి మొత్తం తిరిగాను. సెలవు పెట్టి తిరిగాను, ఎందుకంటే ఈ పనికి ఆఫీసు ఒప్పుకోలు లేదు.

"మల్లీ వొచ్చినావేటి? నిన్నగాక మొన్నే కదా అన్నీ రాసుకెల్లినావు" అంది పెద్దకోడలు.

"రాసిందాన్ని మావాళ్లు పాడుచేశారమ్మా. మళ్లీ చెప్పు. ఈ పొయ్యి మీదది ఎంతమంది తింటున్నారు?"

ఆవిడ వేళ్లు మడిచి చెప్పింది. ఖరగ్‌పూర్ వెళ్లినవాడు తప్ప కిందటేటి వాళ్లే, ఇంకో పసిగుడ్డు అదనం. కుండలో పడేది మాత్రం కిందటేటి కన్నా తగ్గింది. వెళ్లినవాడి వేట డబ్బుతో కొని దాచుకునే గింజలు ఈసారి లేవు కదా. చిన్నకోడలు గుమ్మంలో కూచుని పిల్లకి పాలిస్తూ నా రాత చూస్తోంది. దానికి చదువు రాదు.

"ఇలగ రాత్తే గంజి ఉంటాదా పంతులమ్మా?" అంది.

"ఉండాలనే రాస్తున్నాను."

"ఆ గంజి తాగినానంటేనే నాకు పాలు పడతన్నాయి. నేపోతే దీనికి సాలవు" అంది. ఈసారి నవ్వలేదు.

తిరిగొచ్చి లెక్కలు కట్టాం, సూపర్వైజరుగారూ నేనూ. ఆ సాయంత్రం ఆయన రైలు తప్పిపోయింది, అయినా కుర్చీలోంచి లేవలేదు. పాత ప్రశ్న అడిగితే ఊరి తిండి తగ్గింది. కొత్త ప్రశ్న అడిగి, ఎర్రసిరా పూసి, అంచు చదవకుండా ఉంటే పెరిగింది. ఆయన ఎంతో శ్రద్ధగా, దస్తూరీ తిప్పి తిప్పి ఒక నివేదిక రాశారు. ఆ పొయ్యిల బొమ్మ కూడా వేశారు. అది పైకి వెళ్లింది. నాకు ప్రాణం కుదుటపడింది. ఆదివారం మా మిషన్ గుడిలో కూచుని, పాట పాడేటప్పుడు కూడా ఆ నివేదికే తల్చుకున్నాను.

జవాబు మర్యాదగా వచ్చింది. రెండోసారి అడగడానికి మీరు ఇళ్లని మళ్లీ చీటీ తీసి ఎంచలేదు, మీకు తోచిన ఒక్క వీధిలోవి తీసుకున్నారు. మీరు వాడిన ఫారం రద్దయినది. కాబట్టి ఈ లెక్క స్వీకరించడం కుదరదు, గమనిక విషయం వచ్చే ఏడు పరిశీలిస్తాం. ఆలోచిస్తే వాళ్లన్నదీ తప్పు కాదు. చీటీ తీసి ఎంచాలని నాకు మాత్రం తెలీదా. చీటీ తీస్తూ కూచోడానికి వ్యవధి ఏదీ?

ఈలోగా రెండేళ్ల అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన తాలూకా ఆఫీసుకి చేరిపోయాయి. కింద చిన్న అక్షరాల గమనిక లేదు. టైపు కొట్టేటప్పుడు కాగితం చాల్లేదట. నేను ఆగలేక తాలూకా ఆఫీసుకే వెళ్లాను. గంజి కేంద్రాలు చూసే గుమాస్తా పెద్దాయన, నుదుట విభూతి, ముక్కుపొడుం డబ్బీ. నన్ను కూచోమన్నారు.

"ఊళ్లో తిండి పెరగలేదండీ. మేం అడిగే తీరు మారింది" అన్నాను.

"తీరు మార్చిందెవరమ్మా, మేమా?"

"మేమే."

"మరి మీరే మార్చి, మీరే లెక్కకట్టి, మీరే పంపారు. నా దగ్గర రెండు అంకెలున్నాయి. రెండోది పెద్దది. పక్క ఊరికి ఆ అంకె చిన్నది, అక్కడ కేంద్రం పెట్టాలి. ఉన్నది ఒకటే గంగాళం. ఎక్కడ పెట్టమంటావు చెప్పు?"

ఆ పక్క ఊళ్లో పొయ్యిలు కలుపుకునే అలవాటు లేదు. అక్కడ ఎవరి కుండ వాళ్లది, కాబట్టి అక్కడి అంకె ఉన్నదున్నట్టు వచ్చింది. వాళ్లకీ ఆకలే. లేచి వచ్చేశాను. బజార్లో నడుస్తూ ఏడ్చాను, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది.

నెల తిరక్కుండా కేంద్రం ఎత్తేశారు. మందస వైపు ఊళ్లు చూసుకుని వస్తూ నేను ఉద్దానం వెళ్లాను. మా మిషన్‌లో అడిగి పాలపొడి డబ్బా ఒకటి పట్టుకెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టగానే కొత్త మట్టి వాసన. నడిపికోడలి గుమ్మం ముందొకటి, చిన్నకోడలి గుమ్మం ముందొకటి, అప్పుడే అలికిన పొయ్యిలు. వేట ఇంకా మొదలవలేదు. ఆ నెలల్లో పొయ్యిలు విడదీయడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

నేను ఏమీ అడగకముందే పెద్దకోడలు అందుకుంది. "ఏటనుకున్నా అనుకో. నా పిల్లలకే సాలదు. గంజి ఉన్నప్పుడు పిల్లలకీ దానికీ ఒక పూట అక్కడ జరిగిపోయీది. ఇప్పుడు అందరూ నా కుండ మీదే పడితే ఎన్ని నీల్లు పొయ్యను? నాను ఆడదాన్ని కాదేటి, నాకు తెలవదా దాని బాద?" అని చేటలో గింజలు కసిగా చెరిగింది. కోపం ఆవిడ మీద చూపిద్దామంటే మనసొప్పలేదు. వీధిలో చాలా ఇళ్లలో అదే జరిగింది.

చిన్నకోడలు డబ్బా అందుకుని, ఎలా కలపాలో చెప్పించుకుంది. పిల్ల ఏడుస్తోంది, సన్నగా, ఆపకుండా. ఆ డబ్బా ఎన్నాళ్లొస్తుందో మా ఇద్దరికీ తెలుసు. మరోటి పంపిస్తానన్నాను. పంపించాను కూడా. మిషన్‌లో అది అయిపోయాక ఇంక లేవన్నారు.

మూడో ఏడాది ఫారం మారలేదు. దిద్దే రూలు మారలేదు. ఇప్పుడైనా రెండేళ్లకి పోలిక కుదురుతుందని సూపర్వైజరుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నేను వెళ్లేసరికి మూడిళ్లలో మూడు పొయ్యిలు, అదే వేట పడని నెల. ఏ కప్పు కింద వాళ్లు ఆ కప్పు కిందే వండుకుంటున్నారు. ఫారం ఎలా ఉందో మనుషులు సరిగ్గా అలా తయారయ్యారు.

"ఇంట్లో ఎంతమంది?" అన్నాను చిన్నకోడల్ని.

"నానొక్కద్దాన్నే."

ఇల్లంతా చూశాను, ఉన్నది ఒక గది. పీచు కట్టలు తప్ప ఏమీ లేవు.

"వానలప్పుడు పోనాది" అంది. "రాసుకో పంతులమ్మా. వండుకుంతన్నాను. సోలెడు పోత్తన్నాను, రెండు పూటలకి." అప్పనడుగు అనలేదు. నేను అడగవలసినవన్నీ అడక్కముందే వరసగా చెప్పింది. ఒక్క గడీ ఖాళీ లేదు. బయటికి వచ్చి జీడితోటలో కూలబడిపోయాను. ఎంతసేపు ఉన్నానో తెలీదు, బస్సు వెళ్లిపోయింది.

ఆ ఏడు ఎర్రసిరా అక్కర్లేకపోయింది. కిందటేడు పక్కింటి అంకెలతో పూడ్చిన గడుల్లో ఈ ఏడు ఎవరి గుప్పెడు వాళ్లది పడింది. ఊరి తిండి ఒక్కసారిగా సగానికి పడిపోయినట్టు వచ్చింది. సూపర్వైజరుగారు నన్ను పిలిచి కాగితం చూపించారు.

"ఇది కూడా సరైన పోలిక కాదండీ. కిందటేడు అంత తినలేదు, ఈ ఏడు ఇంతలా పడిపోలేదు" అన్నాను.

"కాదు. కింద గమనిక రాయమంటావా? రాస్తే పైవాళ్లు ఆపేస్తారు. ఆపితే తాలూకా ఆఫీసుకి వెళ్లదు."

నేను కవరు అందించాను. ఆయన కాగితం మడిచి కవర్లో పెట్టారు. అది నిక్షేపంలా వెళ్లింది. కాగితం మీద రెండు అంకెలున్నాయి, రెండోది చిన్నది. వచ్చే నెలలోనే ఆ ఊళ్లో గంజి కేంద్రం మళ్లీ తెరిచారు.

తెరిచిన రోజు చూడాలని వెళ్లాను. పాక కొత్తగా కప్పారు, గంగాళమూ కొత్తదే. పిల్లలు గిన్నెలు పట్టుకుని తోసుకుంటున్నారు. ఆ వరసలో చిన్నకోడలు పెద్దకోడలి ఆఖరి పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంది. గంజి పోసే మనిషి కొత్తవాడు, ఊరివాడు కాదు.

"బాలింతవేనా?" అని గరిటె ఎత్తి పట్టుకుని అడిగాడు.

"కాదు. ఇది మా అప్ప పిల్ల. దీనికే పొయ్యి" అంది.

వాడు పిల్లకి పోసి పక్కకి జరగమన్నాడు. పిల్ల వేడి ఊదుకుంటూ నెమ్మదిగా తాగింది. అది తాగినంతసేపూ ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని నిలబడింది.